పాలు పోస్తే ఆర్సెనిక్ వచ్చింది: ఒక భూగర్భ జలాల కేసు

ఫిర్యాదు నూనె గురించి వచ్చింది. పాలపొడి, వెన్న తయారుచేసే ఒక ఫ్యాక్టరీకి దిగువన చిన్న కాలువ ఉంది. దాని గట్టు వెంట నీరు ఊరే చోట రంగురంగుల తెట్టు కడుతోందనీ, ఫ్యాక్టరీ డీజిల్ ట్యాంకు కారుతోందనీ కింది పొలాలవాళ్ళు రాసిచ్చారు. ట్యాంకు సంగతి తేల్చమని ఫ్యాక్టరీవాళ్ళు నన్ను పిలిచారు. కలుషితమైన భూగర్భ జలాల్ని పరీక్షించి, కారణం చెప్పి, దారి చూపించడం నా వృత్తి.

కాలువ దగ్గర ఒక పుల్ల తీసుకుని తెట్టును కదిపాను. అది పలచటి గాజు పగిలినట్టు పెళ్ళలు పెళ్ళలుగా విడిపోయి, విడిపోయినట్టే ఉండిపోయింది. డీజిల్ తెట్టయితే పుల్ల తీసిన మరుక్షణం మళ్ళీ ఒక్కటైపోతుంది. వాసన కూడా లేదు. తెట్టు కింద నీళ్ళలో నారింజ రంగు జిగురు, తడిసిన దూదిలా వేలాడుతోంది. అది నూనె కాదు, ఇనుము. భూమిలోంచి వచ్చిన ఇనుపనీటికి గాలి తగిలిన చోట బ్యాక్టీరియా కట్టుకునే పొర.

ఆ జిగురు చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే మెలితిప్పిన రిబ్బన్ల లాంటి పోగులు కనబడ్డాయి. గాలియొనెల్లా అనే ఇనుప బ్యాక్టీరియా. దాని పక్కనే లెప్టోథ్రిక్స్ అనే ఇంకో బ్యాక్టీరియా వదిలేసి వెళ్ళిన బోలు గొట్టాలు. గాలియొనెల్లాను ఎరెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1830లలోనే చూసి బొమ్మలు గీశాడు. ఇనుము తుప్పుపట్టేటప్పుడు వచ్చే శక్తి మీద బతికే జీవులు ఉంటాయని వినోగ్రాడ్‌స్కీ 1880లలో వాదించాడు. రిబ్బనంతా తుప్పే, దాన్ని అల్లిన కణం చివర ఒక చిక్కుడు గింజలా అంటుకుని ఉంటుంది, చాలాసార్లు అదీ ఉండదు. ఈ పనిలో ఇన్నేళ్ళయినా ఆ మెలికలు కనబడ్డప్పుడు ఇంకో నిమిషం ఎక్కువ చూస్తూ కూర్చుంటాను.

డీజిల్ ట్యాంకు కేసు ఆ రోజే ముగిసింది. బిల్లు రాసి వెళ్ళిపోవచ్చు. కానీ ఒక ప్రశ్న మిగిలింది: అంత ఇనుము నీళ్ళలో కరిగి ఎలా వచ్చింది? మామూలు ఇసుకనేలలో ఇనుము తుప్పు రూపంలో, ఇసుకరేణువుల మీద పూతలా ఉంటుంది. ఆ ఫెర్రిక్ ఇనుము మామూలు పీహెచ్ దగ్గర దాదాపు కరగదు. అది కరిగి రావాలంటే ఎవరో దానికి ఎలక్ట్రాన్లు ఇచ్చి ఫెర్రస్ అనే కరిగే రూపంలోకి మార్చాలి. అలా జరగాలంటే ఆ నీళ్ళలో ఆక్సిజన్ పూర్తిగా అయిపోయి ఉండాలి.

అంటే కింద ఎవరో బాగా తింటున్నారు.

పచ్చ టిక్కుల రిపోర్టు

ఫ్యాక్టరీ ఆవరణలో వ్యర్థజలాల గుంట ఉంది. ట్యాంకర్లు, పైపులు కడిగిన నీళ్ళన్నీ అందులోకే. ఆ నీళ్ళలో పాలచక్కెర, కొవ్వు, ప్రోటీన్, కడగడానికి వాడిన ఆమ్లాలు, క్షారాలు ఉంటాయి. గుంటకు అడుగున బంకమట్టి పరిచారు, ప్లాస్టిక్ షీటు లేదు. భూగర్భ జలం పారే దిశలో ఐదు పరిశీలక బోర్లు ముందే తవ్వి ఉన్నాయి: ఒకటోది గుంటకు ఎగువన, రెండోది గుంట అంచున, మిగతా మూడు దిగువన వరసగా, ఐదోది కాలువ పక్కన. మూడు నెలలకోసారి ఫ్యాక్టరీ ల్యాబు నీళ్ళు తీసి పరీక్షించి పట్టిక నింపుతోంది.

ఆ పట్టికలో అంతా పచ్చ టిక్కులే. ముఖ్యంగా నైట్రేట్ గడి. ఎగువనున్న ఒకటో బోరులో పొలాల ఎరువుల వల్ల కాస్త నైట్రేట్ ఉంది. రెండో బోరు నుంచి కిందికి అసలేమీ లేదు. "మా గుంట దాటాక నీళ్ళు ఇంకా శుభ్రమవుతున్నాయి సార్" అని మేనేజరు గర్వంగా చూపించారు.

నాకు ఆ సున్నాలే గుబులు పుట్టించాయి. నైట్రేట్ ఊరికే మాయమవదు. ఆక్సిజన్ అయిపోయాక బ్యాక్టీరియా ఊపిరికి వాడుకునే తర్వాతి పదార్థం అదే. అదే పట్టికలో క్షారత్వం గడి చూడండి: ఒకటో బోరుతో పోలిస్తే రెండో బోరులో రెండింతలు దాటింది. ఎవరూ టిక్కు పెట్టని గడి అది, ఎందుకంటే దానికి పరిమితి లేదు. సేంద్రియ పదార్థాన్ని తిన్న బ్యాక్టీరియా వదిలిన బైకార్బొనేటే ఆ క్షారత్వం. ఏళ్ళ తరబడి ఆ కాగితం అసలు విషయం చెబుతూనే ఉంది, అడిగినవాళ్ళు లేరు.

ఇక్కడ ఆ వరుసక్రమం చెప్పుకోవాలి. మనం తిన్నదానిలోంచి వచ్చే ఎలక్ట్రాన్లను చివరికి ఆక్సిజన్‌కు అప్పజెబుతాం. ఊపిరి తీయడమంటే అదే. నేలలోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఉన్నంతసేపు అదే లాభసాటి. అది అయిపోతే నైట్రేట్, ఆ తర్వాత మాంగనీసు ఆక్సైడ్లు, ఆ తర్వాత ఇనుప ఆక్సైడ్లు, ఆపైన సల్ఫేట్. అన్నీ అయిపోయాక కార్బన్ డయాక్సైడే మిగులుతుంది, అప్పుడు మీథేన్ పుడుతుంది. మెట్టు దిగేకొద్దీ గిట్టుబాటు తగ్గుతుంది. నిజం నేలలో ఈ మెట్లు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండవు, ఒక గజం ఇసుకలోనే మూడు మెట్లు పక్కపక్కన నడుస్తుంటాయి. అయినా దిక్సూచిగా పనికొస్తుంది.

ఇందులో మాంగనీసు, ఇనుము రెండూ విడ్డూరమైన మెట్లు. మిగతావన్నీ నీళ్ళలో కరిగి కణం లోపలికి వెళ్ళేవి. ఇవి రాళ్ళు. రాయిని లోపలికి తీసుకోలేని కణం ఎలక్ట్రాన్లనే బయటికి తెచ్చి రాయికి అంటించాలి. ఇలా బతికే బ్యాక్టీరియాను అమెరికాలోని పోటోమాక్ నది బురదలోంచి వేరుచేసిన డెరెక్ లవ్లీ బృందం ఆ సంగతి 1987లో ప్రకటించింది. దానికి తర్వాత జియోబాక్టర్ అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది మయర్స్, నీల్సన్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఒనైడా సరస్సు బురదలోంచి తీసిన ఇంకొకటి మాంగనీసు ఆక్సైడు మీద అదే పని చేస్తుందని చూపించారు. అది ఇప్పటి షివానెల్లా. అంతకుముందు వరకు నేలలో ఇనుము కరగడమంటే ఎక్కువమంది దాన్ని ఉత్త రసాయన చర్యగానే లెక్కేసేవాళ్ళు.

నేను చేసిన తప్పు

కాలువకు కాస్త ఇవతల ఒక ఇంటివాళ్ళ తాగునీటి బోరు ఉంది. ఇనుము కరిగే చోట ఆర్సెనిక్ అనే విషం కోసం కూడా చూడటం అలవాటు కాబట్టి ఐదు పరిశీలక బోర్లతో పాటు ఆ బోరు నీళ్ళు కూడా ఆర్సెనిక్ పరీక్షకు పంపాను. ఫలితాలన్నీ లీటరుకు 5 మైక్రోగ్రాముల లోపే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి 10. హాయిగా ఊపిరి పీల్చుకుని "ఆర్సెనిక్ సమస్య లేదు" అని మధ్యంతర రిపోర్టు ఇచ్చేశాను.

ఆ రోజు ఫీల్డులో ఫిల్టర్లు అయిపోయాయి. సీసాలు అలాగే మూతపెట్టి పంపి, ల్యాబులోనే వడకట్టమని చెప్పాను. రెండ్రోజుల తర్వాత వాటిని వడకట్టినవాడు ఫోన్లో మాటవరసకు అన్నాడు: "సీసాల అడుగున నారింజ పొడి పేరుకుంది సార్, ఫిల్టర్లు తొందరగా మూసుకుపోయాయి." నేను సరేనన్నాను. వారం తర్వాత ఇంకేదో రాస్తుంటే ఆ మాట గుర్తొచ్చి చేయి ఆగింది.

జరిగిందేమిటంటే, సీసాలో చిక్కుకున్న గాలికి ఫెర్రస్ ఇనుము తుప్పయింది. అప్పుడే పుట్టిన తుప్పుకు ఆర్సెనిక్ అంటే ఎంత ఆకలంటే, నీళ్ళలో ఉన్నదాన్ని చాలావరకు పట్టేసుకుంటుంది. ఆ తుప్పును మా ఫిల్టరు కాగితం ఆపేసింది. మేం పరీక్షించింది మిగిలిన శుభ్రమైన నీళ్ళని. అంటే ఆర్సెనిక్ తీసేసే శుద్ధి యంత్రాన్నొకదాన్ని సీసాలోనే తయారుచేసి, దాంట్లోంచి వచ్చిన నీళ్ళకు సర్టిఫికెట్ ఇచ్చాం.

రెండోసారి నేనే వెళ్ళాను. బోరులోకి గాలి బుడగలు పోకుండా పంపును నెమ్మదిగా నడిపి, నీళ్ళను మూసి ఉన్న పాత్రలోంచి పారనిచ్చి, ఆక్సిజన్, పీహెచ్ అంకెలు నిలకడకు వచ్చాక, పైపు చివరే 0.45 మైక్రాన్ ఫిల్టరు బిగించి, ముందే నైట్రిక్ ఆమ్లం వేసి ఉంచిన సీసాలోకి నేరుగా పట్టాను. ఫెర్రస్ ఇనుము అక్కడికక్కడే కిట్టుతో చూశాను. రెండో బోరు నీళ్ళకు రంగు పరీక్షలో ముదురు రంగు వచ్చింది, పలచన చేసి మళ్ళీ చూడాల్సి వచ్చింది.

ఈసారి మూడో బోరులో ఆర్సెనిక్ 62, నాలుగో బోరులో 41, తాగునీటి బోరులో 34. ఆ ఇంటివాళ్ళకు ఆ సాయంత్రమే చెప్పాం. ముందు ఇచ్చిన రిపోర్టు వెనక్కి తీసుకుంటూ నేను రాసిన ఉత్తరం నా ఫైలులో ఇప్పటికీ ఉంది. కొత్తగా చేరినవాళ్ళకు శాంపిల్ తీయడం నేర్పేముందు అదే చదవమని ఇస్తాను.

"ఆర్సెనిక్‌తో మాకేం పని?"

మేనేజరు ప్రశ్న న్యాయమైనదే. "సార్, మేం పాలవాళ్ళం. ఆర్సెనిక్‌తో మాకేం పని? అది మా గేటు దాటి లోపలికే రాలేదు."

నేనూ మొదట బయటి మూలం కోసమే వెతికాను. ఆవరణ చుట్టూ పాత కంచె ఉంది, దాని కర్ర స్తంభాలకు చెదపట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు పట్టించి ఉంది. దొంగ దొరికాడనుకున్నాను. దాని మీద నెల పోయింది. స్తంభాల మొదట్లో మట్టిలో మూడు లోహాలూ ఉన్నాయి, నిజమే, కానీ జానెడు లోతుకే ఆగిపోయాయి. పైగా బోరు నీళ్ళలో రాగీ లేదు, క్రోమియమూ లేదు. ముగ్గురు కలిసి బయల్దేరితే ఒక్కడే ఎలా చేరతాడు?

అప్పుడు చేయాల్సిన పని చేశాం: గొట్టాలు నిలువునా దింపి నేలను పొరలు చెదరకుండా కోర్లుగా తీశాం. ఒకటి ఎగువన, రెండు దిగువన. గొట్టాలు నిలువునా చీల్చి పక్కపక్కన పెట్టినప్పుడు ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఎగువ ఇసుక తేనె రంగులో, పసుపు, నారింజ కలిసి ఉంది. గుంట కింది ఇసుక బూడిద రంగు, అక్కడక్కడా నలుపు. ఇసుక అదే, రేణువుల సైజూ అదే. పూత మాత్రం ఊడిపోయింది. మేనేజరు ఆ రెండు గొట్టాలకేసి చాలాసేపు చూసి, "ఇది మా పాలు చేసిన పనా?" అన్నారు.

ఎగువ ఇసుకలో ఆర్సెనిక్ ఎంతుందో చూస్తే కిలోకు 5 మిల్లీగ్రాములు. ఎక్కడైనా ఉండే మామూలు మోతాదే. కానీ లెక్కవేసి చూడండి. ఒక ఘనమీటరు ఇసుక దాదాపు 1700 కిలోలు, అంటే అందులో ఆర్సెనిక్ 8500 మిల్లీగ్రాములు. ఆ ఘనమీటరు సందుల్లో పట్టే నీళ్ళు 300 లీటర్లు. అందులో నూటికి ఒక్క వంతు కరిగినా 85 మిల్లీగ్రాములు 300 లీటర్లలోకి చేరి, లీటరుకు 280 మైక్రోగ్రాములు దాటుతుంది. పరిమితికి 28 రెట్లు. ఆర్సెనిక్ ఎవరూ తెచ్చి పోయనక్కర్లేదు. నేల దగ్గర ఉన్నదే చాలు, దాన్ని పట్టి ఉంచిన పిడికిలి వదులైతే.

ఆ పిడికిలి ఇనుప ఆక్సైడ్లది. ముఖ్యంగా ఫెరిహైడ్రైట్ అనే సరిగా గట్టిపడని తుప్పు: ఒక్క గ్రాములో వందల చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది, ఆర్సెనేట్ (ఆక్సిజన్ ఉన్న చోట ఆర్సెనిక్ ఉండే రూపం) అంతా దాన్నే కరుచుకుని ఉంటుంది. బ్యాక్టీరియా ఊపిరికి వాడుకోవడానికి తేలికైనదీ అదే. గోథైట్, హెమటైట్ లాంటి గట్టిపడ్డ తుప్పుల జోలికి అంత త్వరగా పోవు. ఒక్క అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లపు రూపం) అణువు ఎనిమిది ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఎనిమిది ఇనుము పరమాణువులను కరిగించగలదు. పాలచక్కెర పులిసి అసిటేట్ అవుతుంది. గుంట అడుగు నుంచి రోజూ చుక్కచుక్కగా దిగినది ఎన్ని ఎలక్ట్రాన్లో ఊహించుకోవచ్చు.

ఇంకో రెండు సంగతులు తోడయ్యాయి. కొన్ని బ్యాక్టీరియా ఆర్సెనేట్‌నే నేరుగా ఊపిరికి వాడుకుని ఆర్సెనైట్ అనే ఇంకో రూపంలోకి మారుస్తాయి. మామూలు పీహెచ్ దగ్గర ఆర్సెనైట్‌కు విద్యుదావేశం లేదు, అది ఆర్సెనేట్‌లా అంత గట్టిగా అతుక్కోదు, నీళ్ళతో పాటు ప్రయాణిస్తుంది. మేం తీసిన నీళ్ళలో ఎక్కువ భాగం ఆర్సెనైటే. రెండోది ఫాస్ఫేట్. పాల పైపుల్లో పేరుకునే గారను కరిగించడానికి ఈ ఫ్యాక్టరీ ఫాస్ఫారిక్ ఆమ్లం వాడుతోంది. ఫాస్ఫేట్, ఆర్సెనేట్ రసాయనంగా కవలల లాంటివి. తుప్పు మీద ఒకే సీటు కోసం పోటీపడతాయి. మిగిలి ఉన్న కాస్త తుప్పు మీది సీట్లలోంచి కూడా ఫాస్ఫేట్ ఆర్సెనిక్‌ను లేపేసింది.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంటుంది, ఫ్యాక్టరీ లాయరుకు చాలదు. అందుకే సీసాల ప్రయోగం. ఎగువ కోరులోని నారింజ ఇసుకను నైట్రోజన్ నింపిన సీసాల్లో మూసి నాలుగు రకాలు పెట్టాం: ఉత్త బోరు నీళ్ళు, గుంట నీళ్ళు కలిపినవి, అసిటేట్ కలిపినవి, గుంట నీళ్ళు కలిపాక వేడి ఆవిరితో చంపేసినవి. ఉత్త నీళ్ళ సీసాలు చివరిదాకా పెద్దగా మారలేదు. చంపేసిన సీసాలు నారింజ రంగులోనే ఉండిపోయాయి. గుంట నీళ్ళవీ, అసిటేట్‌వీ మూడో వారానికి బూడిద రంగుకు తిరిగాయి, ఇనుము ఎక్కింది. ఆర్సెనిక్ మాత్రం ఇనుముతో పాటు రాలేదు, చాలా రోజులు వెనకబడి వచ్చింది. పశ్చిమ బెంగాల్ ఒండ్రుమట్టి మీద చేసి 2004లో ప్రచురించిన ప్రసిద్ధ ప్రయోగంలోనూ వరస ఇదే: ముందు ఇనుముకు ఎలక్ట్రాన్లు అందడం (క్షయకరణ), ఆ తర్వాతే ఆర్సెనిక్. పూత పలచబడుతున్నా మిగిలిన తుప్పు కొంతకాలం ఆర్సెనిక్‌ను పట్టుకునే ఉంటుంది. మా రెండో బోరులో ఇనుము ఎంతో ఎక్కువగా ఉన్నా ఆర్సెనిక్ శిఖరం మూడో బోరులో ఎందుకుందో నాకు అప్పుడు తట్టింది. గుంట అంచున ఇసుక ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఇప్పుడు కరుగుతున్నది దిగువ అంచు.

మేనేజరును ఒప్పించింది సీసాలు కాదు, ఇంకో కేసు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బెమిడ్జి దగ్గర 1979 ఆగస్టులో ముడిచమురు పైపులైను పగిలింది. కొంత చమురు నేలలోనే మిగిలిపోయింది, అక్కడి జియలాజికల్ సర్వే దశాబ్దాలుగా ఆ చోటును పరిశీలిస్తోంది. చమురును తింటూ బ్యాక్టీరియా ఇసుకలోని ఇనుమును కరిగించాయి, దాంతో నేలలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ భూగర్భ జలంలోకి వచ్చింది. అక్కడ చమురు, ఇక్కడ పాలు. బ్యాక్టీరియాకు రెండూ తిండే.

ఏం చేశాం, ఏం వద్దన్నాం

ముందుగా తాగునీళ్ళు. ఆ ఇంటి బోరు నీళ్ళలో ఇనుము దండిగా ఉండటం ఒక విధంగా అదృష్టం. బరువులో ఆర్సెనిక్‌కు 20 రెట్లు ఇనుము ఉంటే, ఆ ఇనుమును తుప్పుగా మార్చి వడకడితే చాలావరకు ఆర్సెనిక్ దాంతోనే పోతుందని ఒక మోటు లెక్క ఉంది. ఇక్కడ 20 కాదు, వంద దాటి ఉంది. అయితే గాలి ఒక్కటే ఇస్తే ఇనుము త్వరగా మారుతుంది కానీ ఆర్సెనైట్ అంత త్వరగా ఆర్సెనేట్ అవదు. అందుకని కాస్త క్లోరిన్, ఆ తర్వాత ఇసుక ఫిల్టరు. సీసాలో మమ్మల్ని మోసం చేసిన చర్యనే ఇప్పుడు కావాలని చేయించాం. ఫిల్టరు కడిగిన నారింజ బురదను పేడదిబ్బ మీద పోయొద్దని పదేపదే చెప్పాల్సి వచ్చింది: అక్కడ మళ్ళీ అదే తిండి, అదే ఊపిరి, అదే కథ. కాలువలోంచి తీసిన జిగురుకు కూడా ఇదే వర్తిస్తుంది. పరీక్షిస్తే గాలియొనెల్లా రిబ్బన్లు ఆర్సెనిక్‌ను దండిగా పట్టి ఉన్నాయి. కాలువలోకి పోవాల్సిన దాన్ని అవి చాలావరకు గట్టు మీదే ఆపుతున్నాయి. అందుకే శుభ్రం చేయడం పేరుతో ఆ జిగురును గీకేయొద్దని రాశాను. ఊళ్ళోవాళ్ళకు నచ్చలేదు.

రెండోది గుంట. దాన్ని ఖాళీ చేయించి, అడుగు బురద తీయించి, ప్లాస్టిక్ షీటు పరిపించాం. ఫాస్ఫారిక్ ఆమ్లం బదులు వేరే ఆమ్లానికి మారారు. ఇంతకన్నా ముఖ్యమైన పని ఈ కేసులో ఇంకోటి లేదు.

మూడోదాని మీద గొడవ జరిగింది. ఫ్యాక్టరీ పిలిపించిన ఇంకో కన్సల్టెంటు నేలలోకి మొలాసిస్ (చక్కెర మడ్డి) ఎక్కించి బ్యాక్టీరియాకు ఇంకా తిండి పెట్టమన్నాడు. ఆయన వాదన గాల్లోంచి పుట్టింది కాదు. క్రోమియం ఆరో వేలెన్సీలో కరిగి విషంగా ఉంటుంది, మూడోదానికి దిగితే గట్టిపడి ఆగిపోతుంది. యురేనియం కూడా ఆరు నుంచి నాలుగుకు దిగితే అంతే. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని రైఫిల్ అనే ఊరి దగ్గర పాత యురేనియం మిల్లు స్థలంలో 2002లో భూగర్భ జలంలోకి అసిటేట్ ఎక్కించారు. జియోబాక్టర్ విపరీతంగా పెరిగింది, కరిగి ఉన్న యురేనియం పడిపోయింది. కొన్ని వారాల తర్వాత సల్ఫేట్‌తో ఊపిరి తీసే బ్యాక్టీరియా పైచేయి సాధించాక ఆ జోరు తగ్గింది కూడా. అదే బ్యాక్టీరియా, అదే ఎలక్ట్రాన్లు. యురేనియానికి తాళం వేసిన తాళంచెవే ఆర్సెనిక్‌కు తలుపు తీస్తుంది. సల్ఫేట్ దండిగా ఉన్న నేలయితే సల్ఫైడు పుట్టి ఆర్సెనిక్‌ను ఖనిజంగా బంధించవచ్చు, కానీ మా బోర్లలో సల్ఫేట్ అప్పటికే అడుగంటింది. ఇప్పటికే పాలు ఎక్కువై చస్తున్న నేలకు బెల్లంపాకం పోయడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒప్పుకోలేదు.

నేలలోకి గాలి ఊదడం గురించి నేనే ఆలోచించాను. ఫిన్‌లాండ్‌లో పుట్టిన వైరెడాక్స్ పద్ధతి ఇలాంటిదే: ఆక్సిజన్ కలిపిన నీళ్ళను బోరు చుట్టూ నేలలోకి ఎక్కించి ఇనుమును అక్కడే పట్టించడం. ఒక బోరులో ప్రయత్నించాం. మూడు నెలలు బాగుంది, ఆర్సెనిక్ సగానికి పడింది. ఆ తర్వాత బోరు జాలీ నారింజ జిగురుతో పూడుకుపోయి నీళ్ళే ఎక్కలేదు. పైకి తీసిన జాలీ మీద అవే మెలికల రిబ్బన్లు. బ్రష్షుతో, ఆమ్లంతో కడిగి మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ పూడింది. మానేశాం. ఇనుపనీటికి కాస్త గాలి ఎక్కడ తగిలితే అక్కడ ఈ బ్యాక్టీరియా కాపురం పెడతాయని నాకు తెలియక కాదు, ఈసారి తప్పించుకుంటాననుకున్నాను.

తర్వాతి ఏళ్ళు

షీటు పరిచిన మొదటి ఏడాది ఏ బోరులోనూ మెరుగు లేదు. నాలుగో బోరులో ఆర్సెనిక్ ఇంకా పెరిగింది. ఫ్యాక్టరీవాళ్ళకు ఖర్చు వృథా అయిందనిపించింది. ఆ ఇసుకలో నీరు ఏడాదికి 30 మీటర్లు కదులుతుంది, నాలుగో బోరు గుంటకు 150 మీటర్ల దూరం. ఈ రోజు అక్కడ తోడిన నీళ్ళు గుంట కింద నుంచి ఐదేళ్ళ క్రితం బయల్దేరినవి. ఆర్సెనిక్ అడుగడుగునా రేణువులకు అంటుకుంటూ వస్తుంది కాబట్టి ఇంకా వెనక. దీన్ని బొమ్మ గీసి చూపిస్తే అర్థం చేసుకున్నారు, సంతోషించలేదు.

రెండో కారణం నేలలో పేరుకున్న అప్పు. కొవ్వు మట్టికి పట్టి ఉంది, అది నెమ్మదిగా కుళ్ళుతూనే ఉంటుంది. బూడిద రంగు ఇసుక నిండా ఫెర్రస్ ఇనుము, ఇనుప సల్ఫైడు ఉన్నాయి. ఎగువ నుంచి వచ్చే తాజా నీళ్ళలో ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములు మించదు. ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ ఏడు మిల్లీగ్రాముల ఇనుమును మాత్రమే తుప్పుగా మార్చగలదు. వచ్చిన ఆక్సిజన్‌నంతా గుంట అంచునున్న ఇసుకే మింగేస్తోంది.

మూడో ఏడాది చివర రెండో బోరు పక్కన మళ్ళీ కోరు తీశాం. బూడిద రంగు ఇసుకలో పై భాగాన బెత్తెడు మందాన లేత నారింజ పట్టీ కనబడింది. తాజా తుప్పు, ముట్టుకుంటే వేలికి అంటింది. దాని కింద మళ్ళీ బూడిద రంగే. ఇనుము ఆ బోరులో తగ్గడం మొదలైంది, మాంగనీసు ఇంకా కదల్లేదు.

నాలుగో ఏడాది రెండో త్రైమాసికంలో మేనేజరు ఫోన్ చేశారు, గొంతులో కంగారు. "సార్, రెండో బోరులో నైట్రేట్ వచ్చింది. ఇన్నేళ్ళూ సున్నా. మా కెమిస్టు ఎర్రగడి పెట్టాడు. షీటు చిరిగిందంటారా?"

చిరగలేదని చెప్పాను. అది ఎగువ పొలాల నైట్రేటే, ఒకటో బోరులో మొదటినుంచీ ఉన్నదే. ఇన్నాళ్ళూ దాన్ని దారిలోనే ఊపిరికి వాడేసుకున్న బ్యాక్టీరియాకు ఇప్పుడు పాల తిండి తగ్గింది. రెండో బోరు వరకూ అది చేరిందంటే ఆ జాగాలో ఇనుముతో ఊపిరి తీయాల్సిన అవసరం తీరుతోందన్నమాట. ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత, గడి రంగు మార్చమంటారా అని అడిగారు. ఎరుపే ఉంచి పక్కన ఒక వాక్యం రాయమన్నాను. అదే పట్టికలో నాలుగో బోరు ఆర్సెనిక్ 57. మరో నాలుగు త్రైమాసికాలకు నీళ్ళు తీసే తేదీలు ఆ రోజే ఇద్దరం కలిసి ఖాయం చేశాం.